నలభై ఏడు మీటర్ల అరుగు

రాళ్ళవాగు బస్టాండు నుంచి విశ్వవిద్యాలయం రెండో గేటుకు ఆరు కిలోమీటర్లు. గేటు దాటి ఎడమకు తిరిగి నాలుగు వందల అడుగులు వేస్తే ఎర్రమట్టి మైదానం వస్తుంది. దానికి పడమటి అంచున పసుపు రంగు వెలిసిపోయిన పాత భవనం ఒకటి ఉంది. విశ్వవిద్యాలయం పట్టికలో దాని పేరు వ్యాయామ విద్యా భవనం, సంఖ్య ఇరవై రెండు. అయితే ఆ పేరుతో అడిగితే దారి చెప్పేవారు తక్కువ. ‘నలభై ఏడు’ ఎక్కడ అని అడగాలి. గేటు కాపలావారికీ, ఆటోవారికీ, గేటు ముందు చెరకురసం అమ్మేవారికీ ఆ పేరే తెలుసు.

భవనం గొప్పదేమీ కాదు. లోపల చెక్క నేల పరిచిన ఒక పెద్ద హాలు, రెండు గదులు, పన్నెండు కిటికీలు ఉన్నాయి. కిటికీల్లో మూడింటికి అద్దాలు లేవు. వాన పడితే ఉత్తరపు మూల కారుతుంది. ముందు భాగంలో తూర్పు ముఖంగా, మోకాటి ఎత్తున, నాపరాళ్ళు పరిచిన అరుగు ఉంది. దాని పొడవు నలభై ఏడు మీటర్ల పది సెంటీమీటర్లు. మిట్టమధ్యాహ్నం దాటాక భవనం నీడ దాని మీద పడుతుంది. సర్దుకుంటే తొంభై నలుగురు కూర్చోవచ్చు. పోలీసు ఉద్యోగాల పరుగు పరీక్షకు తయారయ్యేవారు చుట్టుపక్కల ముప్పై ఊళ్ళ నుంచి తెల్లవారేసరికి ఇక్కడికి చేరతారు. వారిలో చాలామంది మొదట అరుగును తాకి, ఆ తర్వాతే మైదానంలో అడుగు పెడతారు. భవనాన్ని వదిలి అరుగుకు మొక్కడమేమిటని కొత్తవారు అడుగుతూ ఉంటారు. అరుగుకు ఈ కొలత, భవనానికి ఈ పేరు వచ్చిన వృత్తాంతం ఇది.

పూర్వం ఇక్కడ మైదానం లేదు, భవనం లేదు. మూడు వందల పది ఎకరాల గులకనేల, రేగుపొదలు మాత్రమే ఉండేవి. 1974లో విశ్వవిద్యాలయానికి ఈ భూమి ఇచ్చినప్పుడు ఆటస్థలానికి చోటు వెతికే పని వ్యాయామ అధ్యాపకుడు ఇమ్మానుయేలు గారికి అప్పగించారు. అప్పటికి ఆయన వయసు ముప్పై నాలుగు. ఎనిమిది రోజులు ఎండలో తిరిగినా ఎటు చూసినా మిట్టపల్లాలే కనిపించాయి. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అరవై గొర్రెల మంద ఒకచోట ఒత్తుగా పడుకుని కనిపించింది. పక్కన కంబళి పరుచుకుని కాపరి బీరప్ప కూర్చుని ఉన్నాడు.

“ఏమప్పా, ఇంత బయలుండగా అన్నీ ఇక్కడే పడుకున్నాయేం?” అని ఇమ్మానుయేలు గారు అడిగారు.

“చదును లేనిచోట గొర్రె మందగా పండుకోదు సామీ. దాని పానమంతా పల్లం మీదే ఉంటాది,” అన్నాడు బీరప్ప.

నీటిమట్టం గొట్టంతో చూస్తే నూట ఎనభై మీటర్ల పొడవున వాలు జానెడు కూడా లేదు. ఆ చోటే ఖాయమైంది. చోటు చూపిన బీరప్పను రోజుకూలీ మీద మైదానం మనిషిగా తీసుకున్నారు. గొర్రెలను తమ్ముడికి అప్పగించి అతడు సున్నం గీతలు గీయడం నేర్చుకున్నాడు. పరుగుబాట లోపలి అంచున ఇటుకలను నిలువుగా పాతిందీ అతడే. వెయ్యిన్ని ఏడు వందల నలభై ఇటుకలు పట్టాయి. వాటి వెంట టేపు పట్టి కొలిస్తే సరిగ్గా నాలుగు వందల మీటర్లు వచ్చింది. ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ లేదు. ఆ సంగతి ఇద్దరూ పదకొండేళ్ళపాటు గర్వంగా చెప్పుకున్నారు.

భవనానికి 1979 నవంబరులో శంకుస్థాపన జరిగింది. ఏడాదిలో మీకు కూర్చోవడానికి నీడ వస్తుందని ఇమ్మానుయేలు గారు ఆనాడు విద్యార్థులకు మాట ఇచ్చారు. రాతి అరుగు కట్టారు, గోడలు లేచాయి, అంతటితో పని ఆగిపోయింది. రెండో ఏడు గడిచాక ఆయన ఒక నియమం పట్టారు. కప్పు పడేదాకా ఈ మైదానంలో తాను కూర్చోరాదు. అన్నం నిలబడే తినేవారు. కప్పు కోసం రాసిన నూట పన్నెండు అర్జీలను అట్టను గోడకు ఆనించి నిలబడే రాశారు. కాళ్ళు లాగినప్పుడు ఒక పాదాన్ని గోడకు తన్నిపెట్టి రెండోదాని మీద ఉండేవారు, కాసేపటికి కాలు మార్చేవారు. పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బాయి.

“కుర్చీ తెమ్మంటారా సార్?” అని విద్యార్థులు ఆటపట్టించేవారు.

“మీ పెండ్లికి పిలవండిరా, అక్కడ కూర్చుంటా,” అనేవారు ఆయన.

నవ్వేవారు నవ్వారు. నాలుగేళ్ళు గడిచేసరికి ఆ నవ్వు కూడా అలసిపోయింది. ఆయన మాత్రం నిలబడే ఉన్నారు.

ఆ కాలంలో ఓబుళమ్మ అనే విద్యార్థిని ఇక్కడ అర్థశాస్త్రం చదువుతుండేది. వేరుశనగ పండించే ఇంటి పిల్ల. ఆమెది పదివేల మీటర్ల పరుగు, అంటే ఈ మైదానం చుట్టూ ఇరవై ఐదు సార్లు తిరగడం. విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పోటీలకు వెళ్ళాలంటే ముప్పై తొమ్మిది నిమిషాల లోపు ముగించాలి. 1984లో ఆమెకు పంతొమ్మిది సెకన్లు ఎక్కువ పట్టాయి. 1985లో తొమ్మిది సెకన్లు. 1986 ఫిబ్రవరి పద్దెనిమిది, మంగళవారం ఉదయం జరిగిన ఎంపికలో ఆరు సెకన్లు. ఆ పోటీలకు వయోపరిమితి ఇరవై ఐదేళ్ళు, ఆమెకు అవి నిండుతున్నాయి. ఇక మరో ఏడాది లేదు. ఆమె ఏడవలేదు. బూట్లు విప్పి, చేతపట్టుకుని, వట్టి కాళ్ళతో హాస్టలుకు నడిచిపోయింది. ఆ నడక చూసి ఇమ్మానుయేలు గారు ఆ పూట అన్నం ముట్టలేదు.

మరునాడు మధ్యాహ్నం బీరప్ప కప్పులేని గోడ నీడలో ఒరిగి కునుకు తీశాడు. కలలో కంబళి కప్పుకున్న ఒక ముసలామె పరుగుబాట వెంట నడుస్తూ కనిపించింది. ఆమె ముందు గొర్రెలు ఉన్నాయి. ఒక్క గొర్రె కూడా ఇటుకల అంచుకు ఆనుకోవడం లేదు.

“ఏరా బీరా, ఈ ఇటుకల మీద ఎవురు నడుస్తాండారు?” అని ఆమె అడిగింది.

“ఎవురూ నడవరు తల్లీ,” అన్నాడు బీరప్ప.

“మరి దాన్నేంటికి కొలిస్తివి? దారి యాడుంటే ఆడ కొలవల్ల గదరా.”

మెలకువ వచ్చింది. ఆమె తమ ఊరి దేవత సుంకులమ్మ తల్లేనని బీరప్ప చివరిదాకా చెప్పాడు. ఇమ్మానుయేలు గారు ఆ మాటను ఔననలేదు, కాదనలేదు. కలలో వచ్చింది ఎవరైనా, లేచి చూసిన బీరప్పకు కనిపించినది మాత్రం కల కాదు. పదకొండేళ్ళ పాదాలు తొక్కి తొక్కి నేలలో ఒక గాడి పడి ఉంది. అది ఇటుకలకు జానా బెత్తెడు ఎడంగా, చుట్టూ ఒకే తీరుగా సాగింది. అంచు వెంట పరుగెత్తేవారి కాలు ఇటుకకు తగలకుండా ఆ మాత్రం దూరంలో పడుతుంది. బీరప్ప టేపు తెచ్చి గాడి వెంట కొలిచాడు. నాలుగు వందల ఒక మీటరు, ఎనభై ఎనిమిది సెంటీమీటర్లు వచ్చింది.

కాసేపు అతడు టేపు చుట్టకుండా అలాగే నిలబడిపోయాడట. రోజుకూలీలను పర్మనెంటు చేసే జాబితా ఆ నెలలోనే తయారవుతోంది. అందులో అతడి పేరు ఏడోది. గాడిని పారతో పూడ్చడానికి ఒక పూట పని. అడిగేవారు ఎవరూ లేరు. అయినా అతడు టేపు చుట్టి ఇమ్మానుయేలు గారి దగ్గరికే నడిచాడు.

“సామీ, మన చుట్టు పెద్దదైంది.”

“ఏ చుట్టు?”

“పిల్లోళ్ళు పరుగెత్తే చుట్టు. నాలుగు నూర్లు కాదు. ఇంకో రెండు మీటర్లు కలిసొస్తాంది.”

“ఎప్పటి నుంచి?”

“ఇటుకలు పాతిన కాడ్నించి.”

“అంచును ముప్పై సెంటీమీటర్లు లోపలికి వేయమని నీకు చెప్పాను గదప్పా!”

“మీరు నాలుగు నూర్లని చెప్తిరి సామీ. ముప్పై మాట చెప్పలేదు.”

నియమం ఇమ్మానుయేలు గారికి తెలుసు. బాట పొడవును అంచుమీద కాక, పాదం పడేచోట లెక్కించాలి. చెప్పాననుకున్నారు, చెప్పలేదు. కొలత తప్పలేదు, కొలిచిన చోటు తప్పింది. ఒక చుట్టుకు మీటరు ఎనభై ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు చొప్పున ఇరవై ఐదు చుట్లకు నలభై ఏడు మీటర్ల పది సెంటీమీటర్లు. ఓబుళమ్మ వేగానికి అంత దూరం పదకొండు సెకన్ల పరుగు. ఆ పదకొండూ తీసేస్తే మంగళవారం నాటి ఆమె సమయం ముప్పై ఎనిమిది నిమిషాల యాభై ఐదు సెకన్లు. అంటే ఆమె గెలిచింది.

ఆయన ఆ లెక్క పట్టుకుని క్రీడామండలి కార్యదర్శి ఈశ్వరరెడ్డి గారి దగ్గరికి వెళ్ళారు. ఈశ్వరరెడ్డి గారు కామర్స్ అధ్యాపకులు, ఖచ్చితమైన మనిషి.

“సారూ, కాగితం మీద లెక్కతో అయితే నేనూ ఎంపికవుతాను. నాకు గడియారం చూపించాలి,” అన్నారు. “శనివారం ఐదు గంటలకు ఎంపిక జాబితా పోస్టులో పడాలి. బాట సరిచేసి ఆలోగా మళ్ళీ పరుగెత్తించండి. నేనే వచ్చి నిలబడతాను.”

ఓబుళమ్మకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె ఒక్కటే అడిగింది.

“పోయినేడు కూడానా సార్?”

“పోయినేడు కూడా,” అన్నారు ఇమ్మానుయేలు గారు. 1985లో ఆమెకు ఎక్కువైనవి తొమ్మిది సెకన్లే.

బీరప్ప గురు, శుక్రవారాలు రెండు రోజులూ వంచిన నడుము ఎత్తకుండా వెయ్యిన్ని ఏడు వందల నలభై ఇటుకలనూ పెకలించి, జానా బెత్తెడు లోపలికి పాతాడు. పాత గాడి దూరంగా, ఒంటరిగా మిగిలిపోయింది.

శనివారం మూడు గంటలకు ఎండ ఇంకా దిగలేదు. ఓబుళమ్మ పరుగు మొదలుపెట్టింది. మంగళవారం పరుగు అలసట ఇంకా ఆమె కాళ్ళలోనే ఉంది. పదహారు చుట్లు ముగిసేసరికి ఇరవై ఐదు నిమిషాల ఇరవై సెకన్లు. ఉండవలసిన దానికంటే ఇరవై రెండు సెకన్లు వెనక. పదిహేడో చుట్టులోకి నాలుగు అడుగులు వేసి ఆమె బాట దిగింది. నేరుగా వచ్చి, రాతి అరుగు మీద, గోడ నీడలో కూర్చుంది.

ఈశ్వరరెడ్డి గారు గడియారం పట్టుకుని గబగబా వచ్చారు. “లెయ్యమ్మా, తొమ్మిది రౌండ్లేగా! లెయ్యి, గడియారం ఇంకా నడుస్తోంది!”

ఓబుళమ్మ తల ఎత్తింది.

“మంగళవారం పదివేల నలభై ఏడు పరుగెత్తినా సార్. ఈ పొద్దు ఆరువేల నాలుగు నూర్లు. పోయినేడుదీ ఉంది. ఇంకా ఎంత పరుగెత్తితే నమ్ముతారు?”

లేవమని చెప్పవలసినవారు ఇమ్మానుయేలు గారు. నాలుగేళ్ళుగా ఈ పిల్లను రోజూ తెల్లవారుజామున లేపి పరుగెత్తించినది ఆయనే. ఆయన అరుగు దాకా వచ్చారు. ఒక చేతిని రాతి మీద మోపి, ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది వంచి, ఆమె పక్కన కూర్చున్నారు.

బీరప్ప తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. చూస్తున్న ఇరవై ముప్పై మంది విద్యార్థులు దగ్గరికి వచ్చారు.

“సారూ, మీరు కూర్చున్నారు,” అన్నారు ఈశ్వరరెడ్డి గారు.

“కూర్చున్నానయ్యా. ఈ పిల్లను నేను లేపను. మీకు లేపబుద్ధయితే లేపండి.”

ఆ తర్వాత ఏం జరిగిందనే విషయంలో రెండు కథనాలు వినిపిస్తాయి. అప్పుడు తూర్పు నుంచి చల్లగాలి వీచిందని, దానితో కార్యదర్శి మనసు మారిందని విద్యార్థులు చెప్పుకుంటారు. బీరప్ప చెప్పినది వేరు. గాలీ లేదు, వానా లేదు. ఈశ్వరరెడ్డి గారు ఆ ఇద్దరినీ ఒకసారి చూశారు. గడియారం ఆపి జేబులో వేసుకున్నారు. తర్వాత అన్న మాట ఇదొక్కటే:

“ఏదప్పా ఆ టేపు? పాత గాడి యాడుందో చూపించు.”

ఆయన పంచె ఎగ్గట్టి తానే టేపు పట్టారు. ఒకసారి నాలుగు వందల ఒకటి ఎనభై ఎనిమిది, రెండోసారి నాలుగు వందల ఒకటి ఎనభై తొమ్మిది వచ్చింది. అయితే తప్పు ఎవరిదో కాగితం మీద లేకుండా సమయం మార్చడానికి వీల్లేదని చెప్పారు. బీరప్ప తడబడకుండా చెప్పగా ఒక విద్యార్థి రాశాడు: “నేను కొలిచింది ఇటుకల వెంట. పరుగెత్తే దారి వెంట కాదు.” కింద బీరప్ప వేలిముద్ర వేశాడు. దాని కింద ఇమ్మానుయేలు గారు, “ఇతనికి చెప్పవలసినది చెప్పనివాడిని నేను,” అని రాసి సంతకం చేశారు. ఈశ్వరరెడ్డి గారు మూడో సంతకం చేసి, జాబితాలో ఓబుళమ్మ పేరు, దాని ఎదుట ముప్పై ఎనిమిది నిమిషాల యాభై ఐదు సెకన్లు వేశారు. అప్పుడు నాలుగు గంటల నలభై నిమిషాలు. విశ్వవిద్యాలయం తపాలా కార్యాలయం వరకు ఆయనే సైకిలు తొక్కుకుంటూ వెళ్ళారు.

పేరు ఎక్కిందని చెబితే ఓబుళమ్మ తల ఊపింది.

“తొమ్మిది చుట్లు మిగిలినాయి సార్,” అంది.

“మిగలనీమ్మా,” అన్నారు ఇమ్మానుయేలు గారు.

ఆమె ఐదు గంటల యాభై నిమిషాల దాకా అక్కడే కూర్చుంది. అంతసేపూ ఆయన పక్కనే ఉన్నారు. తర్వాత ఆమె తానే లేచి, బూట్లు తుడుచుకుని హాస్టలుకు వెళ్ళింది.

మార్చిలో జరిగిన పోటీల్లో ఓబుళమ్మ పద్నాలుగు మందిలో పదకొండో స్థానంలో నిలిచింది. తర్వాత ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిగా ఇరవై రెండేళ్ళు పనిచేసింది. బీరప్ప పేరు ఆ ఏటి పర్మనెంటు జాబితాలో రాలేదు. అందుకు అతడు 1991 దాకా ఆగవలసి వచ్చింది. భవనానికి కప్పు 1988లో పడింది. నియమం భంగమైనందువల్ల పడిందని కొందరు, భంగమైనా పడిందని కొందరు అంటారు. పని మళ్ళీ మొదలైనప్పుడు ఇమ్మానుయేలు గారు ఇంజనీరును ఒక్క కోరిక కోరారు. పాత అరుగు నలభై ఐదు మీటర్లే ఉంది. ఉత్తరం వైపు మరో రెండు మీటర్ల పది సెంటీమీటర్లు పొడిగించాలి. ఎందుకని ఇంజనీరు అడిగితే, “పిల్లలు ఇప్పటికే పరుగెత్తేసిన దూరమయ్యా అది. దాన్ని కూర్చునే చోటు చేద్దాం,” అన్నారట. ఉత్తరపు చివర రాతి రంగు మారేచోట ఆ అతుకును నేటికీ చూడవచ్చు. ప్రారంభోత్సవం నాడు వేదిక మీద ఆయనకు వేసిన కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. సభ జరిగినంతసేపూ ఆయన అరుగు మీదే కూర్చున్నారు.

ఆనాటి నుంచి ఇక్కడ ఒక ఆచారం నడుస్తోంది. ఈ అరుగు మీద కూర్చున్నవారిని ఎవరూ లేవమనరు. శిక్షకులు మైదానంలో ఎంత గట్టిగా కేకలు వేసినా అరుగు దగ్గరికి వచ్చేసరికి ఈల జేబులో వేసుకుంటారు. కూర్చున్నవారితో తప్పనిసరి పని ఉంటే తామూ వచ్చి పక్కన కూర్చోవాలి, అంతే. 2003లో తనిఖీకి వచ్చిన ఒక ఉపకులపతి, అరుగు మీద ముప్పై మంది పోలీసు అభ్యర్థులు సోలిపోయి ఉండడం చూసి, పక్క గుమ్మం నుంచి లోపలికి వెళ్ళారు. తెలిసినంతలో అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నది 2016లో ఒక నడక పోటీ క్రీడాకారిణి. మూడు గంటల ఇరవై నిమిషాలు. ఆమె శిక్షకుడు కూడా అంతసేపూ పక్కనే ఉన్నాడు.

అరుగు ఉదయం ఐదున్నర నుంచి సాయంత్రం ఏడు వరకు అందరికీ తెరిచి ఉంటుంది. రుసుము లేదు. బూట్లు కింద విడిచి కూర్చోవాలి. ఇక్కడ కూర్చుంటే పతకం వస్తుందని, ఉద్యోగం వస్తుందని చెప్పడం లేదు. గత పన్నెండేళ్ళ ఫలితాలు చూస్తే వచ్చినవారికంటే రానివారే ఎక్కువ. ఈ చోటును నమ్మినవారికి దక్కే ఫలం ఒక్కటే, అందులో మాత్రం ఇప్పటివరకు లోటు రాలేదు. మూడున్నర దశాబ్దాలకు పైగా ఎంతెంతో అలసి ఇక్కడ కూర్చున్నవారందరూ, ఎవరూ లేపకుండానే, లేచి వెళ్ళారు.